నూకాలు పీత ఏరెక్కిన కథ

ఒకప్పుడు పీతలన్నీ సముద్రంలోనే ఉండేవి. వరిచేలో పీత లేదు, ఏటిగట్టున పీతబొరియ లేదు, కొండవాగులో రాయెత్తి చూస్తే కింద ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు.

ఆ సముద్రపు పీతలకి ఓ ఆచారం ఉండేది. పున్నమి పోటు వచ్చిందంటే చాలు, తల్లిపీతలన్నీ అలల్లోకి వెళ్ళి పొట్ట కింద ఉన్న గుడ్లని దులిపేసేవి. ఒక్కోదానికి లక్ష గుడ్లు. ఇక సముద్రమే చూసుకుంటుందిలే అనుకుని, వెనక్కి తిరగకుండా వచ్చేసేవి. సముద్రం ఏం చూసుకుంటుంది, నా మొహం! దులిపినవి దులిపినట్టే చేపల నోట్లోకి పోయేవి.

నూకాలు అనే పీత అలా మూడు కాన్పులు దులిపింది. ఒక్క పిల్ల మొహం ఎరగదు. పక్కనుంచి ఏ చిన్నపీత వెళ్తున్నా ఇది నాదేమోనని ఆగి చూసేది. తోటి పీతలు నవ్వేవి. పిల్లల్ని చూసుకోవాలన్న పిచ్చి మన వంశంలోనే లేదని ముసలిపీత పైడమ్మ అందరిముందూ దులిపేసింది.

నూకాలుకి ఒళ్ళు మండింది. అలలు లేని చోటు వెతుక్కుంటానని, ఏరొచ్చి సముద్రంలో కలిసే చోటినుంచి పైకి నడక మొదలెట్టింది. మంచినీళ్ళు తగలగానే కళ్ళు తిరిగాయి. ఒళ్ళంతా ఉబ్బింది. అయినా రోజుకి నాలుగడుగులు ముందుకి వేసింది. పీత కదా, ముందుకి అంటే పక్కకేననుకోండి. నెల తిరిగేసరికి ఆ నీళ్ళు ఒంటికి పట్టాయి.

కానీ పుట్టి పెరిగిన అలవాటు అంత తొందరగా పోతుందా? పున్నమి రాగానే ఏట్లో కూడా గుడ్లు దులిపేసింది. పోటు తిరిగొచ్చేటప్పుడు పిల్లల్ని తెస్తుందని ఒడ్డునే కూర్చుంది. ఒకరోజు కాదు, మూడు రోజులు కూర్చుంది. ఏట్లో పోటేమిటి పిచ్చితల్లీ!

చివరికి ఏటికే జాలేసి చెప్పింది. "నాకు పోవడమే గానీ తిరిగి రావడం తెలీదమ్మా. నీ గుడ్లు ఈపాటికి సముద్రంలో కలిసిపోయుంటాయి."

నూకాలు ఏడ్చింది. చేతులారా పారేసుకున్నానని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుపు అయ్యాక ఓ మాట అనుకుంది. ఇక ఏ నీళ్ళనీ నమ్మను, నా పిల్లలు నా దగ్గరే ఉంటాయి.

ఈసారి లక్ష గుడ్లకి పంచే సత్తువంతా నూరు గుడ్లకే పెట్టింది. గసగసాలంత ఉండేవి జొన్నగింజలంత అయ్యాయి. వాటిని పొట్ట కింద మడతలో పెట్టుకుని గట్టిగా మూసింది. పున్నమి వచ్చింది, పోయింది. దులపలేదు. లోపల గుడ్లు పగిలి పిల్లలు కదులుతున్నాయని తెలిసింది. అయినా విప్పలేదు. ఇంకాస్త గట్టిపడాలని ఓపిక పట్టింది.

అంతలో ఏటికి వరద వచ్చిపడింది. ఎర్రనీళ్ళు, కొట్టుకొచ్చే దుంగలు. నూకాలు ఓ రాయిని పట్టుకుని వేలాడింది. ఏటికి ఆ రోజు జాలీ లేదు, గీలీ లేదు. పొట్ట విప్పి బరువు దించుకుంటే ప్రాణమైనా దక్కుతుందని, లేకపోతే తల్లీపిల్లలు అందరూ పోతారని గదమాయించింది.

"కావాలంటే నా డెక్క తీసుకో," అంది నూకాలు. "పొట్ట మాత్రం విప్పను."

దుంగ వచ్చి తగిలింది. రాయిని పట్టుకున్న పెద్దడెక్క ఫట్టున ఊడి వరదలో పోయింది. ప్రాణం లేచిపోయేంత నొప్పి. అయినా మడత వదల్లేదు. ఎనిమిది కాళ్ళతో జారుతూ, పాకుతూ గట్టెక్కి, తడిమట్టిలో బొరియ తవ్వుకుని దూరింది.

వరద తీసింది. నూకాలు పైకొచ్చి, ఎండపొడలో భయంభయంగా పొట్ట విప్పింది.

నూరు పీతలు! కాళ్ళూ డెక్కలూ అన్నీ ఉన్న బుల్లి బుల్లి పీతలు తల్లి ఒళ్ళంతా ఎక్కేశాయి. ఒకటి చటుక్కున తల్లి కాలే కొరికింది. నూకాలుకి నవ్వాగలేదు. అది నాదేనా అని ఈసారి అనుమానపడే పనే లేదు.

ఏరు నెమ్మదిగా అంది, "ఎందరినో తోసుకుపోయాను గానీ, నన్ను ఎదురెక్కి గెలిచినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

ఆ పిల్లలు పెద్దవై, వాటి పిల్లల్ని అలాగే పొట్టకింద పెట్టుకుని నడిచాయి. ఏరు దాటి వాగెక్కాయి, వాగు దాటి చేను చేరాయి, చేను దాటి కొండెక్కాయి. ఇంటిని పొట్టకింద మోసుకుపోయేవాళ్ళని ఎవరాపగలరు? పైడమ్మ ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దాకా వచ్చి ఆ బారు చూసి నోరు వెళ్ళబెట్టింది. నూకాలుకి ఊడిన డెక్క కూడా కుబుసం విడిచినప్పుడల్లా కాస్త కాస్త మొలిచింది.

అప్పటినుంచే చేలో పీత, వాగు పీత పిల్లల్ని నీళ్ళపాలు చెయ్యవు. గుడ్డు పగిలాక కూడా, కాళ్ళు గట్టిపడేదాకా పొట్టకిందే మోస్తాయి. సముద్రపు పీతలు మాత్రం ఇప్పటికీ దులిపేసే వస్తాయి. అందుకని గట్టుమీద పొట్ట బిగించుకున్న పీత కనిపిస్తే పుల్ల పెట్టి కెలక్కండర్రా. ఏరే విప్పించలేకపోయింది, మీవల్ల ఏమవుతుంది?