గూడబాతు తిరుగు ప్రయాణం

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. చెరువు ఎండిపోయి, నీళ్ళలో ఉండాల్సిన చెట్లు బురదలో నిలబడ్డాయి. అందులో ఒక పొట్టి చెట్టు మీద, ఇంకా ఎగరడం రాని మూడు గూడబాతు పిల్లలు నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నాయి. గట్టు మీద నుంచి నక్క వాటినే చూస్తోంది.

"వదినా, పిల్లలకి చేపలు ఎక్కణ్ణించి తెస్తున్నావు?" అని తల్లి గూడబాతుని అడిగింది.

"సముద్రం పక్క నుంచి మరిదీ. ముప్పై కిలోమీటర్లు."

"అయ్యో, అంత దూరమే! పోవడానికి ఎంతసేపు పడుతుందేం?"

గూడబాతు గమనించింది. మరిది మాట తనతోనే అయినా చూపు గూటి మీదే ఉంది. పోకపోతే పిల్లలు ఆకలితో చస్తారు, పోతే వీడు ఊరుకోడు. ఉన్నదే చెప్పింది.

"మధ్యాహ్నం పూట బయల్దేరితే, గంటన్నర."

నక్క లెక్క కట్టించుకోవడానికి సరాసరి కాకి దగ్గరికి పోయింది. ఈ కాకి విమానాశ్రయం గోడ మీద పుట్టి పెరిగింది. ఊరు దాటి ఎరగదు గానీ, ఏ ఊరికి ఎన్ని గంటలో అడక్కుండానే చెప్పేస్తుంది.

"పోను గంటన్నర, వేటకి అరగంట, రాను గంటన్నర. మొత్తం మూడున్నర గంటలు బావా!"

"రావడానికీ అంతేనంటావా?"

"దారి అదే, రెక్కలు అవే. తేడా ఎందుకొస్తుంది? విమానాల మధ్య పెరిగినవాణ్ణి, నా మీదే అనుమానమా!"

మూడు పిల్లల్లో ఒకటి కాకికి అని ఒప్పందం కుదిరింది.

మర్నాడు మధ్యాహ్నం గూడబాతు తన తోటివాళ్ళు నలుగురితో కలిసి ఎగిరిపోయింది. "బోలెడు టైముంది, ఎండ కాస్త తగ్గనీ" అని నక్క గంటసేపు కునుకు తీసింది. తర్వాత బురదలో దిగింది. కాలు పీకితే కాలు దిగబడుతోంది. చెట్టు చేరేసరికి గంటన్నర పట్టింది.

"నిదానంగా కానీ బావా, ఇంకా గంటుంది" అంది కాకి, పై కొమ్మ మీద కూర్చుని.

నక్క ముందుకాళ్ళు మానుకి ఆనించి మెడ చాచింది. పిల్లలు భయంతో అరవడం కూడా మానేశాయి. అంతలో నెత్తిన నీడ పడింది.

"ఏం మరిదీ, పిల్లల్ని పలకరించడానికి వచ్చావా?"

నక్క ఉలిక్కిపడి కాళ్ళు దించింది. "అప్పుడే ఎలా వచ్చావు? గంటన్నర అన్నావుగా!"

"పోవడానికి అడిగావు, పోవడానికి చెప్పాను. ఈ వేళప్పుడు గాలి సముద్రం మీంచి వీస్తుంది నాయనా. పోయేటప్పుడు వెనక్కి నెట్టేస్తుంది, వచ్చేటప్పుడు మోసుకొస్తుంది. నలభై నిమిషాలు చాలు!"

ఆ తర్వాత మాటల్లేవు, ఐదు ముక్కులు ఒక్కసారే వీపు మీద పడ్డాయి. వచ్చేటప్పుడు గంటన్నర పట్టిన బురదని, నక్క పోయేటప్పుడు ఐదు నిమిషాల్లో దాటేసింది. గట్టెక్కి చూసుకుంటే తోక మీద బొచ్చు లేదు, లెక్క చెప్పిన కాకీ లేదు.

దారి పొడవు తెలిస్తే చాలదు, గాలి ఎవరి వైపు ఉందో కూడా చూసుకోవాలి.