బండసామిని అన్న మాట

నల్లగుట్ట అంచున ఒక బండరాయి నిలబడి ఉండేది. దాని నీడ పడి కింద మూడూళ్ళలో మిట్టమధ్యాహ్నమే దీపాలు పెట్టుకునేవాళ్ళు, అంత బండ! అడవిలో జంతువులన్నీ దాన్ని బండసామి అని మొక్కేవి. మొక్కితే తప్పేముంది? చిక్కంతా పూజారి నక్కతోనే వచ్చింది. సామికి పెట్టిన పళ్ళూ గుడ్లూ మెక్కి మెక్కి, నక్క గుట్ట దిగితే దాని పొట్ట గంట ముందే దిగేది.

ఆ నక్క ఒక చట్టం పెట్టింది. సామిని తక్కువ చేసి ఒక్క మాటన్నా సరే, ఏదుపంది ముల్లుతో నాలుక కుట్టెయ్యడమే. ఆనాటి నుంచి అడవిలో జంతువులు తుమ్మడానికి కూడా జంకేవి.

ఒకనాటి పొద్దున బండ కింద బొరియ తవ్వుకునే పందికొక్కు, మూతి నిండా మన్నుతో బయటికి పరిగెత్తుకొచ్చింది.

"సామి ఒరుగుతున్నాడర్రా! కింద మన్ను జారిపోయింది. పిల్లల్ని తీసుకుని పక్కకి పొండి!"

అంతే. రెండు తోడేళ్ళు దాన్ని ఈడ్చుకెళ్ళి బండ ముందు పడేశాయి. అడవంతా ఎదురుగా చేరింది. ఏదుపంది తన ఒంటి మీంచి బారెడు ముల్లు పీకి రాతి మీద నూరుతోంది. కర్... కర్...

"సామి ఒరుగుతాడా? ఎంత మాటన్నావే!" అంది నక్క.

"ఒరుగుతున్నాడు అయ్యవారూ. నా కళ్ళతో చూశాను."

ముసలి ఎద్దు గొంతు సవరించుకుంది. "కొక్కమ్మ పుట్టి పెరిగిందే మన్నులో. ఒక్కసారి వంగి చూస్తే పోలా అయ్యవారూ?"

"చూడ్డమంటే అనుమానించడమే! నీ నాలుకకి రెండు ముళ్ళు పడతాయి ఎద్దు మామా, తెప్పించమంటావా?"

ఎద్దు నెమరు నోట్లోనే ఆగిపోయింది.

ఏదుపంది ముల్లెత్తింది. "నాలుక చాపమ్మా," అంది, మొహం పక్కకి తిప్పుకుని.

"చాపుతా," అంది పందికొక్కు. "ఒక్క మనవి. సామి ఈ వైపుకే ఒరుగుతున్నాడంటున్నా కదా, ఇక్కడే బండ కింద కూర్చుని తీర్పు చెప్పండి అయ్యవారూ. నా మాట అబద్ధమని అందరికీ తేలిపోతుంది. ఇంకెవరూ నోరెత్తరు."

నక్క బండ వైపు చూసింది. జంతువులన్నీ నక్క వైపు చూశాయి. కూర్చోకపోతే సామి మీద నమ్మకం లేనట్టే! నక్క కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి కూర్చుంది.

టప్. ఒక గులకరాయి దాని నెత్తిన పడింది.

"ఏంటది?"

ఎవరూ పలకలేదు.

"మిమ్మల్నే! పైన ఏమైనా కదులుతోందా?"

"మేమేమంటాం అయ్యవారూ," అంది ఎద్దు. "మా నాలుకలు మాక్కావాలి."

ఇంకో రాయి పడింది. తర్వాత దోసెడు మన్ను రాలింది. బండ అడుగున ఎక్కడో కిర్రుమంది. నక్కకి పట్టిన చెమటకి గుట్ట కింది వాగు పొంగింది. లేద్దామంటే చట్టం తనదే. కూర్చుందామంటే ప్రాణమూ తనదే. మళ్ళీ కిర్రుమంది, ఈసారి చెవి పక్కనే.

"ఒరుగుతోంది రోయ్! సామి పడిపోతున్నాడు! పారిపోండి!"

నక్క వేసిన ఆ కేకకి జంతువులన్నీ చెల్లాచెదురయ్యాయి. నక్క ఒక్క దూకు దూకింది. బండ దబ్బున కూలింది. ఆ చప్పుడికి పక్క జిల్లాలో కోళ్ళు ఆర్నెల్లు గుడ్లు పెట్టడం మానేశాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. నక్క తోక ఒకటే బండ కింద ఉండిపోయింది.

ఏదుపంది ముల్లు పట్టుకుని దగ్గరికొచ్చింది. "అయ్యవారూ, ఈసారి ఆ మాటన్నది మీరే. చాపండి."

నక్క ముందుకాళ్ళతో నోరు మూసుకుంది.

పందికొక్కు అడ్డం వెళ్ళింది. "వద్దు ఏదుమామా, ఆ ముల్లు అవతల పారెయ్. ఆయన అరవబట్టే కదా మనమంతా బతికాం! నేనన్నప్పుడే వినుంటే పాపం, ఆ తోకా మిగిలేది."

దేవుడి పేరు చెప్పి నలుగురి నోళ్ళూ కుట్టేవాడు, తన నెత్తి మీదికొచ్చే ముప్పును చెప్పే నోటినీ కుట్టేసుకుంటాడు.