దాపరికము విడుచు నోము కథ

శుచివ్రతుడను ముని సత్యశీలుడను మునిని సమీపించి, "మహాత్మా! ఇండ్లలో స్త్రీలు నెలనెలా నెత్తురు పోయి పాలిపోవుచున్నారు. అడిగినచో ఏమియు లేదందురు. వారిని కాపాడు నోము ఏదైన కలదా?" అని అడిగెను. సత్యశీలుడు, "కలదు. దానిని ఆలస్యముగ నేర్చిన ఇల్లాలి కథ చెప్పెదను, వినుము" అనెను.

గోదావరి పాయల నడుమ ఒక ఊర బంగారుపని చేయు వీరభద్రాచారి కలడు. అతని భార్య హైమావతి ఆ ఇంటి పెద్దకోడలు. ఏండ్లు గడిచినను ఆమెకు బిడ్డలు కలుగలేదు. బిడ్డకై శ్రావణమున మొదలుపెట్టి ఏడాది పాటు చేయు శుక్రవారపు నోము పట్టెను. ఆ ఇంట ముట్టయిన స్త్రీ పూజకు రాక పెరటి వసారాలో చాప మీద ఉండవలెను. హైమావతికి ముట్టు నెలకు రెండుమార్లు రాసాగెను. నెత్తురు గడ్డలుగా పోసాగెను. రెండవమారు ఆమె చాప పరచగా అత్త అనంతమ్మ, "మళ్ళీనా? ఆ చాపేమైనా మీ పుట్టింటోళ్ళు సారె పెట్టారా ఏంటమ్మా, దిగవు?" అనెను. ఇంటనున్న చుట్టాలు నవ్విరి. హైమావతియు నవ్వెను.

నాటి నుండి ఆమె దాచెను. ముట్టును వాయిదా వేయు బిళ్ళలు మందులకొట్టున కొని మ్రింగి పూజపీట మీద కూర్చుండెను. బిళ్ళలు మానగానే నెత్తురు మునుపటికంటె ఎక్కువగా పోయెను. బిందె ఎత్తిన ఆయాసము వచ్చెను. పొత్తికడుపు గట్టిపడి పెరిగెను. అత్త అది చూచి, కోడలు నెల తప్పినదని వీధివారికి చెప్పి గాజులవానిని పిలిపించెను. ముట్టు ఆగలేదని హైమావతి ఒక్కతెకే తెలియును. అయినను రెండు చేతులు చాచి గాజులు తొడిగించుకొనెను.

తరువాతి శుక్రవారము పీట మీదనే సొమ్మసిల్లెను. చీర తడిసెను. ఆసుపత్రికి తీసికొనిపోయిరి. వైద్యురాలు స్కాన్ చేసి, గర్భసంచి గోడలో కండ గడ్డలుగా పెరిగినదనియు, వీటిని ఫైబ్రాయిడ్లందురనియు, ఇవి క్యాన్సరు కావనియు, ఎందరో స్త్రీలకుండుననియు, చాలమందికి బాధయే ఉండదనియు చెప్పెను. ఈమె గడ్డలు గర్భసంచి లోపలికి చొచ్చినందున నెత్తురు పోవుచున్నదనియు, ముందు రక్తమెక్కించి, గడ్డలను మాత్రము తీసి సంచిని నిలుపుటకు చూచెదననియు, వెంటనే చేర్పింపుడనియు పలికెను.

"నోము మధ్యలో కోతేంటండీ? ఉద్యాపన కానివ్వండి, మేమే తీసుకొస్తాం" అని అనంతమ్మ అనెను. వీరభద్రాచారి తల్లి వైపు చూచెను. నోము విడిచినచో బిడ్డ కలుగదని భయపడి హైమావతి తల ఊపెను. ఇంటికి వచ్చిరి.

ఉద్యాపన నాటికి ఆమె మంచము దిగలేకపోయెను. మరల మోసికొనిపోయిరి. గడ్డలు తీయుచుండగా నెత్తురు ఆగలేదు. ప్రాణము నిలుపుటకు గర్భసంచిని తీసివేసిరి. మెలకువ వచ్చిన హైమావతి, "ఉందా?" అని అడిగెను.

వైద్యురాలు ఆమె చేయి పట్టుకొని, "నువ్వున్నావమ్మా" అనెను.

కొంతకాలమునకు తోడికోడలు నీలవేణి గోడ పట్టుకొని నడచుట హైమావతి చూచెను.

"ఎన్నాళ్ళ నుంచే?"

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, అత్తయ్యగారికి చెప్పకు. మళ్ళీ చాపంటారు."

"చాప సంగతి నే చూసుకుంటాను. నువ్వు చెప్పులేసుకో."

నీలవేణి గడ్డ చిన్నది. వైద్యురాలు కోత అక్కరలేదని, నెత్తురు తగ్గుటకు మందును, ఇనుము బిళ్ళలను ఇచ్చి, గడ్డ పెరుగుచున్నదో లేదో స్కానులో చూచుకొనుచుండుమనెను. తరువాత నీలవేణికి ఆడుబిడ్డ కలిగెను. హైమావతి ఆ బిడ్డకు నీళ్ళు పోసి, తుడిచి, తల్లి ఒడిలో పెట్టి, పెరటిలోనికి పోయి కూర్చుండెను. అనంతమ్మ వెనుకనే వచ్చి పక్కన కూర్చుండి, "నాకూ అలాగే పోయేదే అమ్మా. మా అత్తగారికి భయపడి చచ్చినా చెప్పలేదు" అనెను. ఇద్దరును ఏడ్చిరి.

కావున ఓ శుచివ్రతా! నెత్తురు గడ్డలుగా పోయినను, మామూలుకంటె ఎక్కువనాళ్ళు పోయినను, కడుపు గట్టిపడినను, ఆయాసము వచ్చినను ఇంటిలో ఒకరికి చెప్పి వైద్యుల వద్దకు పోవుటయే ఈ నోము. కన్యలు, ముత్తైదువలు, విధవలు, బిడ్డలున్నవారు, లేనివారు అందరును పట్టవచ్చును. ముట్లుడిగిన పిదప మరల నెత్తురు చూచినవారు ఒక్కనాడైనను ఆగరాదు. దీనివలన గడ్డ చిన్ననాడే తెలియును. కొందరికి కనిపెట్టియుండుటయే చాలును, కొందరికి మందుతో, కొందరికి కోతతో నెమ్మది కలుగును. ఒంటికి నెత్తురు పట్టును. పోయిన గర్భసంచి తిరిగి రాదు. ఆ ఫలము ఈ నోమునకు లేదు.

కథ విన్న ప్రతి స్త్రీయు పక్కనున్న స్త్రీకి తన సంగతి చెప్పి, ఆమె సంగతి విని, ఆ పిదపనే అక్షతలు తలపై వేసికొనవలెను.