రాజుగారి పేరు పెట్టుకున్న నేరం

ఒకానొక కాలంలో మణిగిరి రాజ్యంలో పృథుభూపాలుడనే రాజుగారు ఉండేవారు. రాజ్యం కన్నా తన పేరంటేనే ఆయనకు మురిపెం ఎక్కువ. కరువులో భూదేవి ధాన్యాన్ని దాచేస్తే, విల్లు పట్టుకుని వెంటబడి, ఆవును పితికినట్టు పంటలన్నీ పితికి జనం కడుపు నింపిన ఆ పురాణకాలపు పృథు చక్రవర్తి పేరాయె మరి. అది తలుచుకుంటే రాజుగారి కాళ్లు నేల మీద ఆనేవి కావు.

రోజూ ఆయన కొలువుకు వచ్చేటప్పుడు ఈ కథంతా గొంతెత్తి చదవడం మల్లనభట్టు పని. కోట గుమ్మం దాకా వినిపించే గొంతు అది. గుమ్మం దగ్గర వంకాయలమ్మే సింగన్న వినీ వినీ మోజుపడి, కొడుకు బారసాలలో పళ్లెంలోని బియ్యం మీద ఉంగరంతో 'పృథువు' అని రాయించాడు.

సంగతి రాజుగారి చెవిన పడింది. వంకాయలమ్మేవాడి ఇంట్లో తన పేరా అని మండిపడ్డారు. రేపటిలోగా పేరు మార్చకపోతే సింగన్న కుటుంబం పొలిమేర దాటాలని ఆజ్ఞాపించారు. దేవుడి ముందు రాసిన పేరు చెరపడానికి చేతులు రాక ఆలుమగలు మూటలు సర్దుకున్నారు. మల్లనభట్టుకు ముద్ద దిగలేదు. ఆ మోజు పుట్టించింది తన గొంతే కదా.

మర్నాడు ఇద్దరు భటుల చేత పెద్ద మట్టిపెళ్లను సభకు మోయించుకొచ్చాడు. దాని చుట్టూ మోకులు బిగించి ఉన్నాయి.

"ఏమిటిది భట్టూ?" అన్నారు రాజుగారు.

"ముద్దాయి, ప్రభూ. తమరి పేరు పెట్టుకున్న పృథ్వి. దీన్నీ పొలిమేర దాటించాలి. ఒక్కసారిగా మోయలేం కనక పెళ్లలుగా మొదలుపెట్టాను."

సభలో పాండిత్యం చూపే అవకాశాన్ని రాజుగారు వదులుకుంటారా? మీసం దువ్వారు.

"నీకు సగం కథే తెలుసు. పృథు చక్రవర్తి భూమిని కూతురిగా చేసుకున్నాడు. అందుకే ఆమె పృథ్వి అయింది. బిడ్డ తండ్రి పేరు పెట్టుకుంటే నేరమెలా అవుతుందయ్యా?"

మల్లనభట్టు వంగి నెమ్మదిగా మోకులు విప్పాడు.

"అయితే ప్రభూ, సింగన్న కొడుకు తమరికి ఏమవుతాడో కూడా తమరే సెలవివ్వండి."

రాజుగారు మట్టిపెళ్లను చూశారు, భట్టును చూశారు. ఆపైన కడుపు పట్టుకుని నవ్వారు. మెడలో హారం తీసి భట్టుకు వేశారు. ఆ రోజే సింగన్న గుడిసెకు వెళ్లి, రాజముద్ర ఉంగరంతో బియ్యంలో ఆ పేరు మళ్లీ తన చేత్తోనే రాశారు.

ఆనాటి నుంచి మల్లనభట్టు చదివే బిరుదుల్లో 'సింగన్న కొడుకుకు పేరిచ్చిన ప్రభువు' అన్నది చేరింది. తక్కిన బిరుదులన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు. అది వినగానే రాజుగారి ఛాతీ ఉప్పొంగేది, కాళ్లు మాత్రం నేల మీదే ఉండేవి.