గింజ పుట్టినరోజు పిలుపులు

పశువుల పాక వెనక గంపలో మచ్చమ్మ అనే కోడి కాపురం. ఎనిమిది గుడ్లు పొదిగితే దక్కింది ఒక్క పిల్ల. పేరు గింజ. రేపటికి దానికి నెల నిండుతుంది. కోళ్లు నెలకే పుట్టినరోజు చేసుకుంటాయి. ఏడాది దాకా ఎవరుంటారో ఏం నమ్మకం?

"హంగులేం వద్దు. గుప్పెడు నూకలు, కాసిని చెదపురుగులు, నీ స్నేహితులు ముగ్గురు. చాలా?" అంది మచ్చమ్మ.

"చాలు! బాతుపిల్ల, కుందేలుపిల్ల, ఉడతపిల్ల. అమ్మా, చెదపురుగులకి కూడా పుట్టినరోజులుంటాయా?"

అంతలో ముళ్లకంచె అవతలికి నక్క వచ్చింది, కుంకుమ భరిణెతో సహా.

"పిల్లకి పుట్టినరోజటగా వదినా! నువ్వు వంట చూసుకో. ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి నేను పిలిచొస్తాను. ఎవరిల్లు ఎక్కడో చెప్పు చాలు."

ఇంతవరకూ ఏ పనికీ ఎవరూ సాయానికి రాలేదేమో, మచ్చమ్మ మురిసిపోయింది. చెప్పబోయింది కూడా.

"తలుపులకి గడియలున్నాయా? తల్లులు మేతకి ఏ వేళప్పుడు వెళ్తారు?" అని అడిగింది నక్క.

గింజ మెడ చాచింది. "అత్తా, బొట్టు పెట్టేది అమ్మలకే కదా? వాళ్లు లేనప్పుడు వెళ్తే ఎవరికి పెడతావు?"

"అబ్బో, ఎన్ని ఆరాలో ఈ పిల్లకి!" నక్క నవ్వేసింది.

మచ్చమ్మకి అప్పుడు సంగతి అర్థమైంది. ఇంకొక్క మాట జారితే ముగ్గురు పసివాళ్లు పోయేవాళ్లే. అయినా మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు.

"పసిది, ఏదో వాగింది. మొదటి పిలుపు మా సూరమ్మకి వదినా. గడ్డివాము వెనక గుంతలో ఉంటుంది. తలుపూ లేదు, గడియా లేదు. నలుగురు పిల్లల్ని కని వారమైనా కాలేదు. లోపలికే వెళ్లి బొట్టు పెట్టాలి."

"నలుగురా! ఎంత లేతగా ఉంటారో!" నక్క గుటక మింగి పరుగెత్తింది. సూరమ్మ ఎవరని మాత్రం అడగలేదు.

బాలింత కుక్క గుంతలో తల దూర్చితే ఏమవుతుందో అంతా అయింది. చిరిగిన చెవితో, మూతి నిండా కుంకుమతో నక్క కంచె పక్కగా పారిపోయింది.

"అమ్మా, అత్త బొట్టంతా తనే పెట్టుకుందేం?" అంది గింజ.

మచ్చమ్మ నక్క పారేసుకున్న భరిణెలో మిగిలిన కుంకుమ తీసుకుని, మూడిళ్లూ తనే తిరిగి పిలిచింది. నాలుగో పిలుపు సూరమ్మకి. అది మాత్రం దూరం నుంచే.

సాయానికొచ్చినవాళ్లు పని సంగతి వదిలి గడియ సంగతి అడిగితే, ఆ సాయం మనకొద్దు.