కళ్లాపిలో పోయిన గీత

"మాస్టారూ, కళ్ళారా చూసిన గీతను మనుషులు తెల్లారేసరికి మరిచిపోతారా? లేక నాతో అబద్ధమాడుతున్నారా?"

నీలమ్మపేట సర్పంచి హైమావతి పొద్దున్న ఏడున్నరకు మాస్టారి గడపలో నిలబడి అడిగిన ప్రశ్న ఇది. భూలోకయ్య మాస్టారు ఆ ఊరి హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు పిల్లల తల్లులయ్యాక కూడా సందేహాలు పట్టుకుని వస్తుంటారు. బొమ్మల గురించి మాత్రం ఎవరూ అడగరు. ఆయన కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. ఆ రోజు కూడా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, "పద, చూద్దాం" అన్నారు.

పల్లె రోడ్లకు ప్రభుత్వం ఇచ్చే నిధుల్లోంచి ఊళ్ళోని తూర్పు సందుకు సిమెంటు రోడ్డు మంజూరైంది. షరతు ఒకటే. కాలువలతో కలిపి సందు పొడవునా పదమూడు అడుగుల వెడల్పు ఉండాలి. ఎక్కడ తగ్గినా రోడ్డు జాబితాలో తర్వాతి ఊరికి పోతుంది. సందు చివర తవిటమ్మ ఇల్లు. రోజూ ఇడ్లీ బండి తోసుకుంటూ బస్టాండుకు వెళ్తుంది. వానాకాలమైతే చక్రం దిగబడి సాంబారు సగం బురదకే పోస్తుంది. ఓట్లప్పుడు హైమావతి ఆ బండికి భుజం పట్టి, "ఈ ఒక్క రోడ్డూ వేయించకపోతే మళ్ళీ నీ గుమ్మం తొక్కను" అని మాటిచ్చింది. వేరే మాటలేవీ ఇవ్వలేదు. కాబట్టి తప్పించుకోవడానికి వీల్లేదు.

ముందు రోజు సాయంత్రం ఇంజినీరు వచ్చి సున్నంతో రెండు గీతలు పోయించాడు. అవి ఒకరి మెట్ల మీదుగా, ఒకరి బట్టలుతికే బండ మీదుగా, ఒకరి మల్లెపొద మీదుగా సాగాయి. అందరూ తలలూపారు. "రేపు పదింటికి వస్తాను. గీతకు ఒప్పుకున్నట్టు ఇంటింటి సంతకం కావాలి. రేపటితో గడువు ఆఖరు" అని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

నీలమ్మపేట ఆడవాళ్ళు ఒళ్ళు కాలిపోయే జ్వరమున్నా అయిదింటికి లేచి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతారు. ఆ రోజూ చల్లారు. సందు అద్దంలా తయారైంది. గీతలు కూడా శుభ్రంగా పోయాయి. పని పూర్తయ్యేదాకా ఎవరికీ తట్టలేదు. హైమావతి ఇల్లూ ఆ సందులోనే. ఆమె చేతిలోనూ చీపురే ఉంది. నాలుక్కరుచుకుని, "నిన్నటి గీత ఎక్కడుందో అక్కడే, ఎవరి వాకిట్లో వాళ్ళు ముగ్గుపిండితో గీసేయండి" అని తనూ గీసింది. గీతలు ఇంజినీరు గీయించినవాటి కంటే అందంగా వచ్చాయి. సింహాలమ్మయితే చివర ఒక పద్మం కూడా పెట్టింది. తీరా టేపు పెట్టి చూస్తే ఒకచోట పదకొండు అడుగులు, ఒకచోట పది, సింహాలమ్మకూ ఎదురింటి గౌరమ్మకూ మధ్య ఎనిమిదిన్నర. రెండు గీతలూ ఎద్దు నడుస్తూ పోసిన మూత్రంలా వంకరలు తిరిగాయి. అడిగితే ప్రతి ఒక్కరూ, "నిన్న ఇక్కడే ఉన్నాది కదమ్మా" అన్నారు.

మాస్టారు సందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. పద్మం దగ్గర ఆగి, "చేయి తిరిగింది" అని మెచ్చుకున్నారు. తర్వాత అందరినీ పిలిచి, "మళ్ళీ గీయండి. ఈసారి ఎవరి వాకిట్లో వాళ్ళు కాదు, ఎదురింటివాళ్ళ వాకిట్లో. నిన్న చూసిన చోటే" అన్నారు.

సింహాలమ్మ పిండిగిన్నె పట్టుకుని సందు దాటింది. గౌరమ్మ వాకిట్లోని బట్టలుతికే బండను దాటింది. మెట్లెక్కింది. గడపకు జానెడు దూరంలో వంగి గీత లాగింది.

"ఓలే సింహాలూ, అక్కడెందుకు ఆగినావే? వంటింట్లోకెల్లి పొయ్యి సుట్టూ కూడా గీసెయ్యే!" అని గౌరమ్మ అరిచింది.

"నిన్న ఇక్కడే ఉన్నాది. నా కళ్ళతో సూసినాను."

"ఆ కళ్ళు పొద్దున మీ మెట్ల కాడ ఏటయిపోనాయే?"

సందంతా గొల్లుమంది. హైమావతి ఎదురింటి ఎర్రయ్య తాత ఆమె మోటారు సైకిలు నిలిపే చప్టాను మొత్తంగా రోడ్డులో కలిపేసి, "సర్పంచి ఇల్లు గదా, ఊరికి కూసింత ఎక్కువ ఇయ్యాల" అన్నాడు. టేపు పట్టి చూస్తే సందు పద్దెనిమిది అడుగులైంది.

"రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు" అన్నారు మాస్టారు.

"నాకు ఇడ్లీ బండి పోతే సాలు బాబూ! లారీలేటి సేసుకుంటాను?" అంది తవిటమ్మ.

"సరే, అక్కడ కాకపోతే మరెక్కడుందో ఇంటివాళ్ళే చూపించండి."

గౌరమ్మ పరుగున బండ దగ్గరకు వెళ్ళింది. "ఇదుగో, బండకి నడిమిన. ఇంజినీరు బాబు ఇక్కడే బూటు ఆనించి గీయించినాడు. సున్నం మరక ఇంకా ఉన్నాది, సూడండి." మరక ఉంది. సింహాలమ్మ తన రెండో మెట్టు అంచు మీద అరచెయ్యి వేసి, "ఇక్కడికి, ఇంతే, ఏలెడు ఎక్కువ నేదు" అంది. ప్రతి ఇంటా ఒక గుర్తు బయటపడింది. హైమావతి కూడా గబగబా వచ్చి, "తాతా, చప్టా అంతా కాదు. ఇదిగో, ఇక్కడ!" అని కాలు ఆనించి చూపించింది. ఆ కాలికి అడుగున్నర అవతల, రోడ్డు వైపు, పొద్దున తను గీసిన ముగ్గు ఇంకా చెరగకుండా ఉంది. ఆమె దాన్ని చూసింది. తర్వాత మాస్టారి వైపు చూసింది. ఆయన ఎవరిదో మల్లెపొదను శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

తప్పు గీతలన్నీ చెరిపి, ఆ గుర్తుల మీదుగా అందరూ ముగ్గుపిండితో మళ్ళీ గీశారు. పదింటికి ఇంజినీరు వచ్చి ఇంటింటి దగ్గరా కొలిచాడు. పదమూడు. ఎక్కడా తేడా లేదు. "నిన్నటి గీతల మీద ముగ్గు కూడా దిద్దించారా! ఇంత శ్రద్ధ ఏ ఊళ్ళోనూ చూడలేదండీ" అని ఫొటోలు తీసుకున్నాడు. గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతకాలయ్యాయి. రోడ్డు నీలమ్మపేటకే మిగిలింది. తవిటమ్మ ఆ పూట బస్టాండుకు వెళ్ళకుండా సందులోనే బండి నిలిపి, ఇంజినీరుతో సహా అందరికీ ఇడ్లీలు పెట్టింది.

మాస్టారు రెండో ప్లేటు తింటుండగా హైమావతి పక్కకు వచ్చి నిలబడింది. "మీరింకా జవాబు చెప్పలేదు, మాస్టారూ."

"పొద్దున మీ వాకిట్లో గీత గీస్తున్నప్పుడు నీకేమనిపించింది?"

ఆమె నిజమే చెప్పింది. "సరిగ్గానే గీస్తున్నాననిపించింది."

"ఎదురింటిది?"

"అది వంకరని చూడగానే తెలిసిపోయింది."

మాస్టారు చట్నీ కోసం తవిటమ్మ వైపు ప్లేటు చాపారు.

"నీ చూపు మంచిదేనమ్మా," అన్నారు, "దూరానికి బాగా ఆనుతుంది."