నాలుగో గిట్ట

నల్లకొండ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. తమ మేతనేలను మరొకరికి ఇవ్వదలచినవారు మృగరాజు కొలువులో తడిమట్టి పలక మీద నాలుగు కాళ్ళూ మోపి నిలబడాలి. ఆ మట్టి ఎండితే అదే పత్రం. పలకలను గుహలో భద్రపరిచే పని పేష్కారు నక్కది. పలక అంచులు నున్నగా తీర్చడంలో తనకు సాటి లేరని అది రోజుకు పదిసార్లు చెప్పుకొనేది. కాని ఎండిన పలకను మళ్ళీ చూసినవారు మాత్రం ఆ అడవిలో ఒక్కరూ లేరు.

ఏటిగట్టు పచ్చిక పొడలమ్మ అనే ముసలి దుప్పి వంశానిది. తల్లి నుంచి కూతురికి సంక్రమించే నేల అది. పొడలమ్మ దానిని తన కూతురు జాజికి అప్పగించింది. జాజి పసితనంలో వేటగాడి ఉచ్చులో పడింది. ప్రాణం దక్కింది గాని ఎడమ ముందుకాలు మళ్ళీ నేల తాకలేదు. ఆ మూడు కాళ్ళతోనే అది మందకు ముందు నడిచేది. కిందటి ఎండాకాలంలో జ్వరపడి కన్నుమూసింది. పొడలమ్మకు మిగిలింది జాజి కన్న ఆర్నెల్ల కూన, ఆ కూనకు మిగిలింది ఏటిగట్టు పచ్చిక. తక్కిన కొండంతా రాయీ రప్పా.

తొలకరి కురిసిన నాలుగో రోజున అడవిపంది తన కొడుకులతో వచ్చి పచ్చికను మోరతో పెళ్ళగించడం మొదలుపెట్టింది.

"ఏమిటయ్యా ఈ అన్యాయం?" అని పొడలమ్మ అడ్డు నిలిచింది.

"మా నేల, మా మోర. నీ కూతురు పోయేముందు ముద్ర వేసి మాకిచ్చింది. నమ్మకపోతే పేష్కారుగారిని అడుగు," అన్నది పంది, తల ఎత్తకుండానే.

పొడలమ్మ గుహకు వెళ్ళింది.

"నిజమేనమ్మా. నా కళ్ళముందే వేసింది," అన్నది నక్క.

"ఆ పలక ఒక్కసారి చూపించండి."

"చూపవచ్చు. అర్జీ పెట్టుకో."

మరునాడు అర్జీ పెట్టింది. "గడ్డి తినేవారికి గుహలోకి ప్రవేశం లేదు," అన్నది నక్క.

"అయితే బయటికి తెచ్చి చూపండి."

"హక్కుదారు అడిగితేనే తెస్తాం. హక్కుదారు నీ కూతురు కదా? ఆమెనే వచ్చి అడగమను."

పొడలమ్మ నక్క కళ్ళలోకి చూసింది. తరువాత నెమ్మదిగా అన్నది: "ఆమె ఇక రాదని తెలిసే కదా, ఆమె పేరు వాడుకున్నారు."

"నోరు జాగ్రత్త! కొలువును నిందిస్తే అడవి దాటిస్తారు."

"దాటించండి. అంతవరకు నేను ఈ గుమ్మం వదలను."

ఆమె గుహ ముందే నిలబడిపోయింది. ఆ దారిన పోతున్న గోరింకల గుంపు ఆమెను చూసి కొమ్మ మీద వాలింది.

"ఒక్కదానివే ఎంతసేపు నిలబడతావు పిన్నీ? మడుగులో తాబేలు తాత ఉన్నాడు. కొలువు మెట్లు ఎక్కలేనివారికి దారి చెప్పడమే ఆయన పని. ఆయన మాకు తల, మేం ఆయనకు రెక్కలం. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోం," అన్నది పెద్ద గోరింక.

కబురు క్షణంలో చేరింది. తాబేలు చేరడానికి ఒకటిన్నర రోజు పట్టింది.

"నేను వచ్చేలోగా న్యాయమే వచ్చేస్తుందేమోనని భయపడ్డానమ్మా," అన్నది తాబేలు రొప్పుతూ. "అది నాకంటే నెమ్మది. చూపని పలక చెల్లదని పూర్వపు కట్టుబాటు ఒకటుంది."

"అయితే అదే చెబుదాం తాతా!"

"ఆ కట్టుబాటు రాసిన పలక కూడా ఈ గుహలోనే ఉంది."

గోరింకలు నవ్వాయి. పొడలమ్మ నవ్వలేదు. "నా జాజి నాలుగు కాళ్ళూ ఎలా మోపుతుంది తాతా? ఆ సంగతి పేష్కారుకు తెలియదా?" అన్నది.

"దానికి పలకలే తెలుసు తల్లీ, వాటి మీద నిలబడేవారు తెలియరు. కాని ఈ మాట ఇప్పుడే బయటపెట్టకు. దాని చెవిన పడితే తెల్లవారేసరికి పలకే మారిపోతుంది. పలక ఎలా ఉన్నదో అలాగే, అది తన నోటితో తానే బయటికి తేవాలి." తాబేలు గోరింకల వైపు తిరిగింది. "మీరు అబద్ధమాడవద్దు. ఒక్క ప్రశ్న అడగండి, చాలు. అడవంతా అడగండి."

రెండు రోజులపాటు చెట్టు చెట్టునా అదే ప్రశ్న. "పేష్కారుగారు ఆ పలక ఎందుకు చూపడం లేదు? ముద్ర గాని అలుక్కుపోయిందా?"

"పాపం, పనితనం తగ్గినట్టుంది," అన్నది ముళ్ళపంది.

"వయసు మీద పడింది కదా," అన్నది కుందేలు.

దొంగ అనిపించుకున్నా నక్క సహించేదే. పనికిమాలిన పనివాడనిపించుకోవడం సహించలేకపోయింది. కొలువు తీరే రోజుకు అది సగమైపోయింది.

"ఏమిటీ గోల?" అన్నది సింహం, ఆవులింత ముగించి.

"చిన్న సందేహం ప్రభూ," అన్నది తాబేలు. "ఏటిగట్టు పలక మీది ముద్ర అలుక్కుపోయిందా, లేదా?"

"అలుక్కుపోవడమా! నా పలకా!" నక్క అరిచింది. "ఏలినవారూ, ఒక్క నిమిషం! వీళ్ళ నోళ్ళు మూయిస్తాను!" గుహలోకి ఉరికి, పలకను నోట కరచుకొచ్చి, బండ మీద పెట్టింది. "చూడండి! కళ్ళారా చూడండి!"

అందరూ చూశారు. నాలుగు గిట్టలూ అచ్చుపోసినట్టు, ఒకే లోతున, ఒకే వరుసలో ఉన్నాయి.

"చక్కని ముద్ర," అన్నది తాబేలు. "జాజి నీ ఎదుటే వేసిందా?"

"నా ఎదుటే! నాలుగు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి!"

దుప్పుల మందలో కలకలం రేగింది. పొడలమ్మ ముందుకు వచ్చింది.

"ప్రభూ, నా బిడ్డ మూడు కాళ్ళ మీదే నడిచింది. మూడు కాళ్ళ మీదే పిల్లను కన్నది. ఆ నాలుగో కాలు ఒక్కసారి నేల తాకితే చూడాలని నేను దాని ప్రాణం పోయేదాకా ఎదురుచూశాను. అలాంటి రోజు వస్తే కన్నతల్లికి చెప్పకుండా ఉంటారా, పేష్కారుగారూ?"

నక్క తోక ముడిచింది. ఎవరూ పేరెత్తకముందే అడవిపంది, "నేనైతే ఆ పలక చూడనే లేదు, నా మీద ఒట్టు," అంటూ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ పొదల్లోకి జారుకుంది.

"ఈ పలక చెల్లదు. పచ్చిక పొడలమ్మ మనవరాలిది. ఇక అందరూ వెళ్ళండి," అన్నది సింహం.

పొడలమ్మ కదలలేదు.

"ఇంకేం కావాలి?"

"మిగతా పలకలు."

"నీ నేల నీకు వచ్చింది కదా!"

"నాకు వచ్చింది. నాకు తాత దొరికాడు, గోరింకలు దొరికాయి. దొరకనివారి మాటేమిటి? అన్నీ బయట పెట్టించండి. చూసేదాకా కదలం."

కుందేళ్ళు ఆమె పక్కన నిలబడ్డాయి. ముళ్ళపంది నిలబడింది. దుప్పుల మంద మొత్తం నిలబడింది. సింహం ఆ గుంపును ఒకసారి చూసి, అరిగిపోయిన తన పళ్ళను ఒకసారి నాలుకతో తడుముకుని, "తెప్పించండి," అన్నది.

ఎండలో పరిచిన పలకల మధ్య నుంచి జెర్రిపోతు ఒక్కసారిగా పడగలేని తల పైకెత్తింది. తన పుట్ట చుట్టూ ఉన్న నేలను ఎవరికో ఇచ్చివేసినట్టు ఒక పలక, దాని మీద నాలుగు పాదాల ముద్ర!

"నక్కెక్కడ, నాగలోకమెక్కడ అంటారు," అన్నది జెర్రిపోతు. "నాకు కాళ్ళు మొలిపించావు కదయ్యా పేష్కారూ, ఇక మనం చుట్టాలమే!"

అడవి అడవంతా నవ్వింది. నక్క కొలువు ఊడలేదు. అంతకన్నా కష్టమైన శిక్షే పడింది. ఆనాటి నుంచి పలకలన్నీ ఆరుబయట బండ మీదే ఉంటాయి. ఎవరు అడిగితే వారికి, తాబేలు చూస్తుండగా, నక్క తన నోటితో మోసుకొచ్చి చూపాలి. ఏ పలకలో ఏముందో గోరింకలు చెట్టు చెట్టుకూ చాటుతాయి.

మొదటి కొత్త పలకకు మన్ను పిసికింది నక్కే. ఏటిగట్టు పచ్చిక తనదేనన్న గుర్తుగా జాజి కూన దాని మీద ఎక్కి బెదురుబెదురుగా నిలబడి, దిగింది. పొడలమ్మ వంగి ఆ గుర్తులను వాసన చూసింది. ఎడమ ముందుగిట్ట గుర్తు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

"ఈసారి నాలుగూ నిజమైనవే," అన్నది.

గుహలో దాచిన పత్రానికి బలం, చూపమని అడిగే గొంతులు ఒకటయ్యేదాకానే.